దింపగలిగితేనే ఎక్కించండి

చలి మొదలైందంటే చాలు, ఆదివారం తెల్లవారకముందే బూట్లు బిగించి గుట్టల దారి పట్టేవారు కనిపిస్తారు. తోడుగా ఒక స్నేహితుడు, ముందు పరుగెడుతూ పెంపుడు కుక్క. గుండెకూ కండరాలకూ మంచి వ్యాయామం, మనసుకు హుషారు. అయితే ధ్యాసంతా శిఖరం మీదే పెట్టుకుని బయల్దేరేవారికి చిక్కులు ఎక్కువగా దిగేటప్పుడే ఎదురవుతాయి. మీరూ, మీ మిత్రుడూ, మీ కుక్కా క్షేమంగా ఇల్లు చేరాలంటే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి.

మనకు ఎత్తుతో కాదు, ఎండతోనే పేచీ

కొండ అనగానే చాలామందికి ఆక్సిజన్ తగ్గటం, ఊపిరందకపోవటం గుర్తొస్తాయి. ఎత్తు మూలంగా వచ్చే అనారోగ్యం సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో అంత ఎత్తయిన శిఖరమేదీ లేదు. మన దగ్గర ఇబ్బందంతా ఎండతోనూ, బండతోనూ.

హైదరాబాద్ పక్కనున్న ఖాజాగూడ గుట్టలనే చూడండి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, వాటి మధ్య సందులు, అక్కడక్కడా ముళ్లపొదలు. నీడ తక్కువ. తెల్లవారుజామున చల్లగా తగిలిన బండ ఎండ ఎక్కేకొద్దీ పెనంలా కాలుతుంది. భువనగిరి కొండదీ ఇదే తీరు. 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ నున్నటి బండ మీదే. అంటే మన గుట్టలు ఎత్తులో చిన్నవే కావొచ్చు గానీ, తేలిగ్గా తీసుకోవాల్సినవి కావు.

‘అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినవాళ్లం, ఇదెంత’ అని అనుకోకండి. మెట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. దారి పొడవునా మనుషులుంటారు, నీళ్లు దొరుకుతాయి. గుట్ట మీద ఏ రెండు అడుగులూ ఒకేలా ఉండవు. కాలు ఎక్కడ వేయాలో, చేయి ఎక్కడ ఆనించాలో ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

ఎక్కటం గుండెకు, దిగటం మోకాళ్లకు

ఎక్కేటప్పుడు శ్రమంతా గుండెకూ ఊపిరితిత్తులకూ. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒకటి రెండు మాటలకే ఆయాసం వస్తుంటే నెమ్మదించాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వేసుకునేవారు చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని నమ్ముకోవద్దు. ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. కాబట్టి శ్రమ ఎక్కువైనా అంకె మామూలుగానే కనిపించొచ్చు. వీరికి మాట పరీక్షే మేలు.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు. అందుకే చాలామంది గబగబా దిగేస్తారు. కానీ అప్పుడు తొడ ముందుభాగంలోని కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాల్సి ఉంటుంది. అలవాటు లేని కండరాలు దీనికి బాగా అలసిపోతాయి. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్టుండేది ఇందుకే. కండరాలు అలసిన కొద్దీ భారం మోకాళ్ల మీద పడుతుంది, అడుగు తడబడుతుంది. మోకాలి అరుగుదల మొదలైనవారు ఎక్కగలమా అన్నదాని కన్నా దిగగలమా అన్నదే ముందు చూసుకోవాలి.

ఇందుకు ఇంట్లోనే సిద్ధం కావొచ్చు. నాలుగైదు వారాల ముందు నుంచే లిఫ్టు మానేసి మెట్లు ఎక్కండి, నెమ్మదిగా దిగండి. ఒక మెట్టు మీద నిలబడి ఒక కాలిని మెల్లగా కింది మెట్టుకు ఆనించి తిరిగి పైకి తీసుకోండి. ఒక్కో కాలితో పదేసి సార్లు చేస్తే చాలు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను అడగాలి. ఇన్సులిన్ తీసుకునేవారు గ్లూకోజ్‌ను, ఆస్థమా ఉన్నవారు ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోవాలి.

కుక్క అలసటను చెప్పదు

మనకు ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు ఆ సదుపాయం లేదు. పాదాల దగ్గర కొద్దిగా పట్టే చెమట దేనికీ చాలదు. నాలుక చాపి రొప్పటమే దానికి ప్రధానమైన దారి. వేడి, ఉక్కపోత రెండూ ఉన్నప్పుడు అది కూడా సరిగా పనిచేయదు. పైగా కుక్క మనల్ని వదిలి వెనకబడటానికి ఇష్టపడదు. మీరు నడుస్తున్నంతసేపూ తానూ నడుస్తుంది, కూలబడే దాకా.

పగ్, షీ జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాస మార్గం ఇరుకు. వాటిని గుట్టలెక్కించకపోవటమే మంచిది. హస్కీ వంటి దట్టమైన బొచ్చు కుక్కలకు మన వాతావరణమే భారం. బొద్దుగా ఉన్న లాబ్రడార్‌కు ముందు బరువు తగ్గించాలి. కూనలకు ఎముకలు ఎదిగే దశ పూర్తయ్యే వరకు ఎత్తుల నుంచి దూకే పని పెట్టొద్దు. చిన్న జాతులకు ఇది సుమారు ఏడాది, పెద్ద జాతులకు ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. మన నాటు కుక్కలు వేడిని కాస్త బాగా తట్టుకుంటాయి గానీ, వాటికీ నీళ్లూ నీడా కావాల్సిందే.

బయల్దేరే ముందు మీ అరచేతి వెనకభాగాన్ని బండ మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. పొద్దెక్కాక బండ ఎలా ఉంటుందో ఊహించుకుని, ఎన్నింటికి కిందికి వచ్చేయాలో ఆ ప్రకారం నిర్ణయించుకోండి.

ఎక్కినంత తేలిక కాదు

గుండు మీదికి కుక్క ఒక్క గెంతులో ఎక్కేస్తుంది. దిగేటప్పుడు తల కిందికి, బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. నున్నటి బండ మీద గోళ్లకు పట్టు దొరకదు. అంచు దాకా వచ్చి వణుకుతూ వెనక్కి పోతుంది. ముప్ఫై కిలోల కుక్కను ఒంటి చేత్తో దింపబోయి జారిపడితే ఇద్దరికీ దెబ్బలే.

అందుకే చేతులు వాడాల్సిన ప్రతి చోటా ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘దీన్ని ఇక్కడి నుంచి మేమిద్దరం దింపగలమా?’ సందేహం ఉంటే అక్కడితో చాలు. శిఖరం ఎక్కడికీ పోదు.

మెడపట్టీ కాకుండా, వీపు మీద పిడి ఉన్న హార్నెస్ వేయండి. అవసరమైతే ఒకరు పై నుంచి పిడి పట్టుకుని, ఇంకొకరు కింద నిలబడి ఛాతీకీ నడుముకూ ఆసరా ఇచ్చి దింపొచ్చు. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. అది ఒక్కసారి లాగితే మీరూ కిందికే. రాయి ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనే ఉండాలి. అంటే లీష్ పట్టుకోవటానికి చేయి ఖాళీ ఉండదు. కుక్కను స్నేహితుడి దగ్గర ఉంచి ఒకరి తర్వాత ఒకరు ఎక్కండి. వాలు ఎక్కువున్న చోట రాయి వైపు తిరిగి దిగండి. వాన పడితే, పాచి కనిపిస్తే ఆ రోజుకు ప్రయాణం మానుకోండి.

స్నేహితుడి పని ఏమిటి?

కబుర్లకే కాదు, ‘ఇక చాలు’ అని చెప్పటానికి కూడా స్నేహితుడు కావాలి. శిఖరం దగ్గరపడ్డాక మన అలసట మనకు తెలియదు. ఎదుటివారి ముఖం మీద తెలుస్తుంది. కింద ఉన్నప్పుడే ఒక మాట అనుకోండి. ఏ గంటకు వెనుదిరగాలి? ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా వాదన లేకుండా దిగిపోవాలి. కుక్క నీడలో పడుకుని లేవనంటే అదీ ఒక ఓటే. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఛాతీలో నొక్కేసినట్టుండటం, నొప్పి దవడకో చేతికో పాకటం, చల్లటి చెమటలు, కళ్లు తిరగటం కనిపిస్తే కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని దిగే ప్రయత్నం చేయొద్దు.

పాములు, తేనెటీగలు, ఇతర కుక్కలు

రాళ్ల సందుల్లోకి కుక్క మూతి పెడుతుంది. పాము కాటు దానికి ఎక్కువగా ముఖానికో కాలికో పడేది అందుకే. దట్టమైన పొదల దగ్గర లీష్ వదలొద్దు. మనిషికైనా కుక్కకైనా కాటు పడితే కోయటం, పీల్చటం, తాడు బిగించటం వద్దు. కదలనివ్వకుండా మోసుకుని వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. కొండ అంచులకు తేనెపట్టులుంటే పొగ, అరుపులు, రాళ్లు విసరటం పనికిరావు. మేకల మందలు ఎదురైతే దూరంగా తప్పుకోండి. కాపరుల కుక్కలు తమ మందను కాచుకుంటాయి.

రేబిస్ టీకా, లెప్టోస్పైరోసిస్ రక్షణ ఉండే టీకా గడువులోనే ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల మధ్య, చంకల్లో గోమార్ల కోసం వెతకండి. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లోకి పెంపుడు కుక్కలను తీసుకెళ్లొద్దు. అక్కడి వన్యప్రాణులకు వీటి నుంచి జబ్బులు సోకే ప్రమాదం ఉంది. గుడి ఉన్న కొండలకు, కోటలకు వెళ్లాలనుకుంటే నిబంధనలు ముందే కనుక్కోండి.

కుక్కకు వడదెబ్బ తగిలితే

• ఆగకుండా రొప్పటం, చొంగ చిక్కగా కారటం, చిగుళ్లు ఎర్రగా కందిపోవటం, తూలటం, వాంతులు ప్రమాద సంకేతాలు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చేయొద్దు.
• ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి, చొక్కాతోనో అట్టతోనో విసరండి.
• తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు. వేడి లోపలే నిలిచిపోతుంది.
• స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వండి. లేకపోతే నోట్లో పోయొద్దు.
• తేరుకున్నట్టు కనిపించినా పశువైద్యుడికి చూపించాల్సిందే. లోపలి అవయవాల దెబ్బ ఆలస్యంగా బయటపడొచ్చు.

సంచిలో ఇవి ఉన్నాయా?

• మీ నీళ్లు, కుక్క నీళ్లు విడివిడిగా, మడిచే గిన్నె
• ఓఆర్ఎస్ పొట్లాలు (మనుషులకు), రోజూ వేసుకునే మందులు
• బ్యాండేజీ, గాజుగుడ్డ, ముళ్లు తీసే పట్టకారు
• కుక్క కూలబడితే ఇద్దరూ మోసేందుకు గట్టి దుప్పటి
• టార్చి, నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్, దగ్గర్లోని పశువైద్యుడి నంబరు

కుక్కకు బయల్దేరటానికి రెండు మూడు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టండి. కడుపు నిండా తిన్న వెంటనే గెంతితే పెద్ద జాతుల్లో పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంటుందని పశువైద్యులు హెచ్చరిస్తారు. తొలిసారి చిన్న గుట్టనే ఎంచుకోండి. మర్నాడు మీ మోకాళ్లు, దాని పాదాలు ఎలా ఉన్నాయో చూసుకున్నాకే పెద్ద కొండ సంగతి ఆలోచించండి.