పక్కా ఇల్లు, కచ్చా లెక్క

కోల్‌కతా వచ్చిన ఢిల్లీ విలేఖరి మొదట తొక్కేది రాజకీయ నాయకుల గుమ్మాలే. ఈసారి ఆ తంతు ముగించుకొని, చౌరంగీలో ఇండియన్ మ్యూజియం ప్రక్కనున్న జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ముందు నేను కొంతసేపు ఆగాను. ఢిల్లీలో మంత్రుల నోట తరచుగా వినవచ్చే ‘పక్కా ఇల్లు’ అనే మాటకు, నూట పాతికేళ్ల క్రిందటే ఈ సంస్థ ఒక సమాధానం వ్రాసిపెట్టింది.

1897 జూన్ 12 సాయంత్రం అస్సాంను కుదిపివేసిన మహాభూకంపంలో సుమారు 1,500 మంది మరణించారు. ఆనాటి కలకత్తాలో సైతం మేడలు బీటలు వారాయి. ఈ సంస్థకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ 1899లో వెలువరించిన బృహన్నివేదిక భూకంప శాస్త్రానికే దారిదీపమయింది. ఆ విపత్తులో షిల్లాంగులోని రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. కర్ర చట్రం మీద పలకలు బిగించిన తేలిక ఇళ్లు మాత్రం నిలిచాయి. ఈ పాఠాన్ని నేర్చుకొన్న ఈశాన్య భారతంలో ‘అస్సాం మాదిరి’ ఇల్లు స్థిరపడింది. ప్రభుత్వోద్యోగుల నివాసాలను సైతం ఆ పద్ధతిలోనే కట్టారు.

దీని నిర్మాణం మన పల్లెవాసులకు సులభంగానే బోధపడుతుంది. రాతి అరుగు మీద కర్ర స్తంభాలు. వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. నడుమ ‘ఇక్రా’ అనే రెల్లుజాతి గడ్డితో దడి. ఆ దడికి రెండు వైపులా మట్టి మెత్తుతారు. పైన రేకుల కప్పు. భూమి కంపించినపుడు ఇంటిమీద పడే బలం ఆ ఇంటి బరువును బట్టి ఉంటుంది. ఇల్లు తేలికయితే దెబ్బ తక్కువ. కర్ర కీళ్లు కొంత కదిలి, కొంత వంగి, ఆ తాకిడిని ఓర్చుకొంటాయి. గోడ కూలినా అది రాతిగోడవలె ప్రాణం తీయదు.

పర్వతగ్రామాలకు ఇందులో మరొక సదుపాయం కద్దు. రోడ్డు ఆగిన చోటినుంచి సిమెంటు బస్తా మనిషి వీపెక్కవలసిందే. వెదురు, గడ్డి, మట్టి మాత్రం చేరువలోనే దొరుకుతాయి. నరికిన వెదురు పొద కొద్ది సంవత్సరాలలో మళ్లీ చేతికందుతుంది.

2011 సెప్టెంబరు 18న సిక్కిం–నేపాల్ సరిహద్దులో 6.9 తీవ్రతతో భూమి కంపించింది. సిక్కింలో పలు కాంక్రీటు భవనాలు దెబ్బతినగా, కొన్ని కూలిపోగా, ఇక్రా ఇళ్లు మొత్తంమీద స్వల్ప నష్టంతో బయటపడ్డాయని పరిశీలనకు వెళ్లిన ఇంజనీర్లు నమోదు చేశారు.

విచిత్రమేమంటే సామాజిక, ఆర్థిక, కులగణన చేపట్టినదీ ఆ 2011లోనే. సర్కారు లెక్కలో గోడ గడ్డిదో, వెదురుదో, మట్టిదో అయితే అది ‘కచ్చా’. కాంక్రీటుదయితే, దానిని ఎవరు ఎట్లా పోసినా, ‘పక్కా’. 2016లో ఆరంభమయిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన లబ్ధిదారుల ఎంపికకు మొదట మూలమయినది ఆ గణనే. మైదానంలో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు ఇస్తారు. ఏటవాలు నేలకూ, మోతకూలికీ, భూకంప భయానికీ కలిపి ఢిల్లీ కట్టిన వెల పదివేలు! ఆ సొమ్ముతో కొండమీద కాంక్రీటు ఇల్లు తలపెట్టిన పేదవాడు ఎక్కడ పొదుపు చేస్తాడు? ఇనుములోనూ, సిమెంటులోనూ. భూకంపం పరీక్షించేదీ సరిగ్గా వాటినే.

పాతదంతా బంగారమని నా వాదన కాదు. 1993 సెప్టెంబరు 30న మన పొరుగున ఉన్న లాతూరులో వేలాదిమందిని బలిగొన్నవి మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలే. అవీ సంప్రదాయ గృహాలే. ఇక్రా ఇంటికీ చెద, తేమ, అగ్ని శత్రువులు. ఏటేటా మరమ్మతు తప్పదు. కొండచరియ మీదపడితే ఏ ఇల్లూ నిలువదు. చక్కగా లెక్కగట్టి పోసిన కాంక్రీటును తప్పుపట్టనవసరమూ లేదు. తేడా పాత కొత్తలలో లేదు; బరువులోనూ, కట్టుబడిలోనూ ఉన్నది.

ఢిల్లీకి ఇది తెలియదనలేము. ప్రాంతానికి తగిన ఇళ్ల నమూనాలతో గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖే ‘పహల్’ పేరిట ఒక సంకలనం వేయించింది. మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్లు నిలిచేదే పక్కా ఇల్లని పథకం నియమావళి చెబుతుంది. ఈ కొలతకు అస్సాం మాదిరి ఇల్లు సునాయాసంగా నెగ్గుతుంది. నెగ్గనిది పట్టికలో ‘గోడ దేనితో కట్టారు?’ అనే గడి దగ్గరే.

2029 నాటికి మరో రెండు కోట్ల ఇళ్లు కట్టించాలని కేంద్ర మంత్రివర్గం 2024లో తీర్మానించింది. వాటిలో కొండలకు చేరేవి ఏ గోడలతో లేస్తాయన్నది పార్లమెంటులో అడుగదగిన ప్రశ్న. గోడ దేనితో కట్టారన్నది కాక, భూమి కదిలితే నిలుస్తుందా లేదా అన్నది చూసే గడి ఒకటి ఆ పట్టికలో చేర్చడానికి ఖజానా నుంచి పైసా ఖర్చుకాదు. మన సభ్యులలో ఎవరయినా ఆ మాట లేవనెత్తుతారా?