పోయినవాళ్ల కోసం బంతిపూలు

ఏటా మొహర్రం సెలవు రోజున నా ఫోనుకు రెండు మూడు ‘హ్యాపీ మొహర్రం’ మెసేజీలు వస్తాయి. పంపేవాళ్లు మంచివాళ్లే. సెలవంటే పండగ, పండగంటే శుభాకాంక్షలు అని అలవాటు పడ్డవాళ్లు. చావు చుట్టూ ఉండే ఆచారాల మీద మన అపోహలు చాలావరకు ఇలాగే పుడతాయి. ఎదుటివాళ్ల ఏడుపు మన ఏడుపులా కనిపించకపోతే అది ఏడుపే కాదనుకుంటాం.

అపోహ: మొహర్రం ముస్లింల పండగ, శుభాకాంక్షలు చెప్పాలి.

వాస్తవం: మొహర్రం ఇస్లామీ సంవత్సరంలో మొదటి నెల. అందులో పదో రోజు ఆషూరా. క్రీ.శ. 680లో ఆ రోజునే ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్ కర్బలాలో యజీద్ సైన్యం చేతిలో అమరుడయ్యాడు. షియాలకు అది సంతాప దినం. హైదరాబాద్ పాతబస్తీలో ఏనుగు మీద బీబీ కా ఆలం కదులుతుంటే, వెంట నల్లబట్టల జనం గుండెలు బాదుకుంటూ నడుస్తారు. సున్నీలలో చాలామంది ఆ రోజు ఉపవాసం ఉంటారు. అయితే అదే మొహర్రం తెలంగాణ పల్లెలకు వచ్చేసరికి పీర్ల పండగ. పీర్లను ఎత్తుకుని గుండం చుట్టూ తిరిగేవాళ్లలో హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్లు బోలెడు. కాబట్టి పండగ అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ‘హ్యాపీ’ మాత్రం కుదరదు.

అపోహ: చావు ఇంటి ముందు డప్పులు, చిందులు ఏమిటి? బాధ లేకనే కదా!

వాస్తవం: ఈ మాట ఎక్కువగా అపార్ట్‌మెంట్ బాల్కనీల నుంచి వినిపిస్తుంది. పల్లెలో డప్పు ముందుగా ఒక కబురు. ఆ దరువు చెవిన పడగానే ఎవరో పోయారని ఊరంతటికీ తెలుస్తుంది. ఆ తర్వాత అది సాగనంపే మర్యాద. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నల్లజాతివాళ్లకూ ఇలాంటి ఆచారమే ఉంది. శ్మశానానికి వెళ్లేటప్పుడు బ్యాండు నెమ్మదిగా భక్తిగీతాలు వాయిస్తుంది. శవాన్ని అప్పగించాక తిరుగుదారిలో హుషారైన జాజ్ అందుకుంటుంది, జనం గొడుగులు ఊపుతూ ఆడతారు. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. అక్కడి ట్రంపెట్ సంస్కృతి అయింది, ఇక్కడి డప్పు న్యూసెన్స్ అయింది. డప్పు కొట్టే చేతులు ఏ వాడవో తెలిసినవాళ్లకు ఈ తేడా ఎందుకొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు.

అపోహ: హిందువులంతా దహనమే చేస్తారు.

వాస్తవం: లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు. సన్యాసులకు సమాధి కడతారు. పసిపిల్లలను మట్టిలోనే పెడతారు. తెలుగు నేల మీద పూడ్చే ఆనవాయితీ ఉన్న కులాలు ఇంకెన్నో.

అపోహ: శవాన్ని నెలల తరబడి ఇంట్లో ఉంచుకునేవాళ్లు చావును ఒప్పుకోలేనివాళ్లు.

వాస్తవం: ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా ప్రజలు ఈ పని చేస్తారు. దున్నలను బలిచ్చి, చుట్టాలందరినీ పిలిచి చేసే అంత్యక్రియలకు బోలెడు ఖర్చు. అది సమకూడే దాకా ఆ మనిషిని ‘జబ్బుపడ్డవాళ్లు’ అనే పిలుస్తారు, పక్కన అన్నం కూడా పెడతారు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు, చావంటే ఏమిటో తెలియనివాళ్లేమీ కాదు. వాళ్ల లెక్కలో మనిషి నిజంగా వెళ్లిపోయేది ఊపిరి ఆగిన రోజున కాదు, సాగనంపిన రోజున.

అపోహ: దుఃఖానికి ఐదు దశలు, అవి వరుసగా వస్తాయి.

వాస్తవం: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే ఈ జాబితా మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్‌రాస్ 1969లో రాసిన పుస్తకంలోది. అప్పట్లో ఆమె మాట్లాడింది తమకే చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు దాన్ని తగిలించింది ఆ తర్వాత. ఈ దశలు అందరికీ రావాలనీ, వరుసగా రావాలనీ లేదని చివరి రోజుల్లో ఆమే స్పష్టం చేసింది. మన మూడో రోజు, పదో రోజు, మాసికం, సంవత్సరీకం లెక్క వేరు. మనిషి ఎప్పటికి తేరుకోవాలో అది చెప్పదు. చుట్టాలు మళ్లీ ఎప్పుడెప్పుడు ఆ గడప తొక్కాలో చెబుతుంది.

అపోహ: మెక్సికోలో ‘మృతుల దినం’ అంటే పుర్రె వేషాల ఊరేగింపు, వాళ్ల హాలోవీన్.

వాస్తవం: మెక్సికో సిటీలో జరిగే ఆ భారీ ఊరేగింపు వయసు పట్టుమని పదిహేనేళ్లు కూడా లేదు. 2015లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా ‘స్పెక్టర్’ కోసం అలాంటి దృశ్యం సృష్టించారు. అది చూసి 2016లో నగరం నిజంగానే మొదలుపెట్టింది! అసలు ఆచారం ఇంట్లో, సమాధుల దగ్గర జరుగుతుంది. నవంబరు 1న పోయిన పిల్లలను, 2న పెద్దలను తలుచుకుంటారు. ఫొటో పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వాళ్లకు ఇష్టమైన తిండి వడ్డిస్తారు. దారి తప్పకుండా ఇంటికి రావాలని గుమ్మం దాకా బంతిపూల రేకులు చల్లుతారు. రంగు, వాసన చూసుకుని వస్తారని నమ్మకం.

మన పెత్రమాసను ‘మంచి రోజు కాదు’ అని పక్కన పెట్టేవాళ్లకు ఇదంతా చెప్పాలనిపిస్తుంది. భాద్రపద అమావాస్య పొద్దున పెద్దల పేర్లు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. అదే సాయంత్రం అవే చేతులు ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తాయి. అందులో తంగేడు ఈ నేలది. బంతి మాత్రం మెక్సికో నుంచే వచ్చింది.