పుట్టుక గొప్పా? పని గొప్పా?

పిల్లలూ! "డంజియన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట 1974లో అమెరికాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవాళ్లు దాన్ని తయారుచేశారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్లు ఆ కథలో వీరులు. వీరుడు తలపెట్టిన పని నెరవేరుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బలం, చురుకుదనం, తెలివి మొదలైన గుణాలు ఆరు. గుణం బాగా ఎక్కువగా ఉంటే, పాచికలో పడిన అంకెకు మరికొంత కలుస్తుంది.

2014 నాటి నియమాలలో ఈ గుణాలు కొంతవరకు జాతిని బట్టి పెరిగేవి. ఎల్ఫ్‌గా పుడితే చురుకుదనానికి, మరుగుజ్జుగా పుడితే దేహదారుఢ్యానికి రెండేసి పాయింట్లు అదనం. మంత్రవిద్యకు కావలసినది తెలివి. కనుక మంత్రవేత్త కాగోరిన మరుగుజ్జుకు పుట్టుక తోడ్పడేది కాదు.

2024లో వచ్చిన కొత్త పుస్తకం దీన్ని మార్చింది. ఇప్పుడు ఆ పాయింట్లు వీరుడు పూర్వం చేసిన పనిని బట్టి వస్తాయి. సేద్యం చేసినవాడు బలం పెంచుకోవచ్చు. గ్రంథాలు చదివినవాడు తెలివి పెంచుకోవచ్చు. మరుగుజ్జు అయినా సరే! అయితే పుట్టుకతో వచ్చేవి కొన్ని మిగిలే ఉన్నాయి. మరుగుజ్జుకు చీకట్లోనూ కళ్లు కనిపిస్తాయి.

ఇలా చేస్తే జాతుల ప్రత్యేకత పోతుందని కొందరు ఆటగాళ్ల వాదం. నియమాలు రాసేది మీరే అయితే పుట్టుకకు ఎన్ని పాయింట్లు ఇస్తారు? పనికి ఎన్ని ఇస్తారు? ఎందుకో కూడా మీ ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి.