ఊరు మారాలా, ఉండాలా? రెండు వరుసల లెక్క

పిల్లలూ, చదువు అయిపోయి ఉద్యోగం కాగితం చేతికి రాగానే మన కర్నూలు, కడప ఇళ్లలో ఒకటే చర్చ. బెంగళూరుకు పోవాలా, హైదరాబాదుకు పోవాలా, లేక ఇక్కడే ఏదో ఒకటి చూసుకోవాలా? అమ్మ ఒక మాట అంటుంది, మేనమామ ఇంకో మాట అంటాడు, ముందే అక్కడికి పోయిన స్నేహితుడు ఫోన్లో మరో మాట చెబుతాడు. మొన్న మా మనవరాలు కూడా అడిగింది, "జేజినాయనా, పోనా, ఉండనా?" అని. పో అనీ అనలేదు, ఉండు అనీ అనలేదు. ఎట్లా తూచుకోవాలో చెప్పినా. అదే మీకూ చెబుతా, వినండి.

ఇట్లాంటి చిక్కే 1772లో ఇంగ్లండులో ఒక శాస్త్రవేత్తకు వచ్చింది. పేరు జోసెఫ్ ప్రీస్ట్లీ. లీడ్స్ ఊళ్లో చర్చి బోధకుడు. ఇంటి పక్కనే బీరు తయారుచేసే చోటు ఉండేది. పులుస్తున్న తొట్ల మీద పేరుకునే గాలిని చూసి, దాన్ని నీళ్లలో కలిపి సోడానీళ్లు చేసిన మనిషి ఈయనే. జాతరలో మీరు తాగే గోళీసోడాకు మూలం అక్కడుంది. ఆయనను షెల్‌బర్న్ ప్రభువు పిలిచాడు. నా గ్రంథాలయం చూసుకో, ఏడాదికి 250 పౌండ్లు ఇస్తానన్నాడు. లీడ్స్‌లో వచ్చేది 105 పౌండ్లే. జీతం రెండింతలకు పైమాటే అయినా, ఉన్న ఊరినీ, నమ్ముకున్న జనాన్నీ వదలాలి. ఎటూ తేలక తన స్నేహితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగాడు.

సెప్టెంబరు 19న ఫ్రాంక్లిన్ జవాబు రాశాడు. ఏం చెయ్యాలో చెప్పకుండా, ఎట్లా తేల్చుకోవాలో చెప్పాడు. కాగితం మధ్యన ఒక గీత గియ్యి. ఒక పక్క పోవడానికి కారణాలు, ఇంకో పక్క పోకుండా ఉండటానికి కారణాలు రాయి. ఒక్కసారే కూర్చుని రాయొద్దు. మూడు నాలుగు రోజులు, తోచినప్పుడల్లా రాస్తూ పో. తర్వాత ఒక్కోదానికి బరువు కట్టు. ఇటొకటి, అటొకటి సమానంగా ఉంటే రెండూ కొట్టెయ్యి. ఇటు ఒకటి అటు రెండింటికి సమానమైతే మూడూ కొట్టెయ్యి. మిగిలిందేమిటో చూసుకో. ఇంతే.

ప్రీస్ట్లీ షెల్‌బర్న్ కొలువుకు ఒప్పుకుని 1773లో లీడ్స్ వదిలి కాన్ అనే చోటికి మారాడు. మరుసటి ఏడు ఆగస్టు 1న షెల్‌బర్న్ భవనంలోనే, భూతద్దంతో ఎండను ఎర్రటి పాదరసపు భస్మం మీదికి పట్టి, కొవ్వొత్తిని ధగధగా మండించే ఒక కొత్త గాలిని పట్టుకున్నాడు. అదే ఆక్సిజన్.

పద్ధతి బాగుంది. అయితే ఏ కారణానికి ఎంత బరువు వెయ్యాలి? మనం తప్పేది అక్కడే. నా లెక్క ఇది. మనిషి కొన్నాళ్లకు అలవాటు పడిపోయే వాటికి తక్కువ బరువు వెయ్యండి. ఎన్నేళ్లయినా అలవాటు పడని వాటికి ఎక్కువ బరువు వెయ్యండి.

ముందు ఎండ సంగతి చూద్దాం. బెంగళూరు పోయేవాళ్లు మొదట చెప్పే కారణం అదే కదా. కడప సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తున ఉంది, కర్నూలు 280, బెంగళూరు 920. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల తేడా. ఆ లెక్కన ఎత్తు ఒక్కదానివల్లే బెంగళూరు కడపకన్నా దాదాపు ఐదు డిగ్రీలు చల్లన.

ఇప్పుడు ఎదురు దిక్కు కథ వినండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, మన కర్నూలు రాజధాని. మద్రాసులో ఉన్న ఉద్యోగులు ఫైళ్లతో, పెళ్లాం పిల్లలతో కర్నూలు చేరుకున్నారు. ఉన్న భవనాలు చాలక గుడారాలు వేశారు. సముద్రపు గాలికి అలవాటైన ఒళ్లు ఒక్కసారిగా తుంగభద్ర ఒడ్డు ఎండలో పడింది.

ఆ రెండు ఎండల్లో తేడా చెమటలో ఉంది. కొత్త మట్టికుండ ఒళ్లంతా తడి ఊరి, ఆ తడి ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది చూడండి, మన ఒళ్లూ అంతే. లీటరు చెమట ఆవిరైపోతే దాదాపు 580 కిలోకాలరీల వేడిని ఒంట్లోంచి లాక్కుపోతుంది. మద్రాసు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక కారిపోతుంది, ఒళ్లు జిడ్డు జిడ్డుగా ఉంటుంది. కర్నూలు గాలి పొడి. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడుతుంది, కానీ ఎన్ని నీళ్లు పోయాయో తెలియదు. అందుకే మన పెద్దలు దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పేసిన మజ్జిగ తాగించేది.

ఒళ్లు దీనికి అలవాటు పడుతుందా? పడుతుంది. ఎండలో తిరిగే మనిషికి వారం రెండు వారాల్లో చెమట తొందరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. గుండెకు శ్రమ తగ్గుతుంది. చల్లటి ఊళ్లో కొన్ని వారాలుంటే ఆ అలవాటు పోతుంది కూడా. బెంగళూరు నుంచి మే నెలలో వచ్చిన మనవడు "అబ్బా, ఎండ!" అంటే సోకులు పోతున్నాడని ఎగతాళి చెయ్యొద్దు. వాడి ఒళ్లు నిజంగానే ఈ ఎండను మరిచిపోయింది. మళ్లీ నేర్చుకుంటుంది. కాబట్టి వాతావరణానికి చిన్న బరువు చాలు.

తర్వాత నీళ్లు. కడప బండలు, బేతంచెర్ల బండలు మీ ఇళ్లల్లో నేలకు పరిచినవే. అవి సున్నపురాయి. అట్లాంటి రాతి పొరల్లో ఊరిన బోరునీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. సబ్బు నురగ రాదు. కందిపప్పు తొందరగా ఉడకదు, ఎందుకంటే పప్పులో కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం ఇంకా గట్టిపరుస్తుంది. బెంగళూరు కావేరి నీళ్లు అంత కఠినం కావు. కానీ అక్కడ ఎత్తువల్ల నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు పెడితే రెండు చోట్లా లోపలి వేడి దాదాపు 120 డిగ్రీలు, తేడా పోతుంది. నీటి రుచికి నాలుక అలవాటు పడుతుంది. నీళ్లే రాకపోవడానికి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు. బెంగళూరుకు కావేరిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు 500 మీటర్లు పైకి తోడి తేవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఎన్నో పేటలు ట్యాంకర్ల కోసం కాచుకున్నాయి. అద్దె అడిగేటప్పుడే నీళ్లు ఎక్కడివో అడగండి. దానికి పెద్ద బరువు వెయ్యండి.

ఇక మనసు. 1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు అమెరికాలో దాదాపు రెండు వేల మంది విద్యార్థులను ప్రశ్నించారు. సగం మంది వెచ్చటి కాలిఫోర్నియా వాళ్లు, సగం మంది చలికి వణికే మధ్య పశ్చిమ రాష్ట్రాల వాళ్లు. కాలిఫోర్నియాలో బతికేవాళ్లే ఎక్కువ సుఖపడతారని రెండు చోట్ల వాళ్లూ అనుకున్నారు. ఎవరి బతుకు వాళ్లకు ఎంత తృప్తిగా ఉందని అడిగితే మాత్రం రెండు చోట్లా ఒకటే జవాబు. ఊరు మారడం గురించి ఆలోచించేటప్పుడు కళ్లకు కొట్టొచ్చే తేడా మీదే మనసు నిలుస్తుంది. అక్కడ గడిపే రోజులో ఆ తేడా ఎంతసేపు గుర్తుంటుందో లెక్క వెయ్యదు.

మరి రోజంతా గుర్తుండేవి ఏవి? ఆఫీసుకు రాకపోకలు ఒకటి. పోను గంటన్నర, రాను గంటన్నర అయితే ఏడాదిలో 250 పనిదినాలకు 750 గంటలు. రాత్రీ పగలూ కలిపి 31 రోజులు బస్సులోనే. జర్మనీ లెక్కల్లో ఆర్థికవేత్తలు ఫ్రై, స్టట్జర్ చూసింది ఇదే. ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు ఆ తిరుగుడుకు తగ్గ తృప్తి ఇంకెక్కడా దొరకలేదు. ఒంటరితనమూ అంతే. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే మనిషి దగ్గర ఉన్నారా? ఇక్కడ అమ్మానాన్నలకు మందులు తెచ్చేదెవరు? ఇవి చిన్న అక్షరాలతో కాగితం చివర రాసేవి కావు.

అవతలి వరుసకూ న్యాయం చెయ్యాలి. ఊళ్లో పని లేకుండా కూర్చోవడానికి కూడా మనిషి అలవాటు పడడు. ఏళ్ల తరబడి జర్మన్ కుటుంబాలను గమనించిన పరిశోధకులు, ఉద్యోగం పోయినవాళ్ల తృప్తి మళ్లీ పని దొరికాక కూడా పూర్తిగా పూర్వస్థితికి రాలేదని 2004లో చూపించారు. నేర్చుకున్న విద్యకు తగిన పని కర్నూలులో దొరక్కపోతే, పోవడానికి అది బలమైన కారణమే. ప్రేమకొద్దీ పిల్లల్ని ఆపే పెద్దలు ఈ బరువును తక్కువ చెయ్యకూడదు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ కబుర్లు సగమే అవుతాయి. కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల్లో ఖరీఫ్ పంట పోతే ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతారు, గుంటూరు మిరప చేలల్లో కాయ కోసేదానికి. వాళ్ల కాగితం మీద ఒకటే వరుస. ఉండటానికి కారణం రాసుకునే అవకాశమే లేదు. ఆ రెండో వరుస రావాలంటే పొలానికి నీళ్లు రావాలి, ఊళ్లో చాలినన్ని పనిదినాలు ఉండాలి, తల్లిదండ్రులు పోయినా పిల్లలు బడి మానకుండా హాస్టలు ఉండాలి. చదువుకుని పోయేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

మీరు చెయ్యాల్సింది చెబుతా. నాలుగు రోజులు కాగితం రాయండి. ఒక్కో కారణం పక్కన "అలవాటవుతుంది" అనో "అలవాటు కాదు" అనో గుర్తు పెట్టండి. కుదిరితే ఆ ఊళ్లో ఒక వారం ఉండండి. ఆదివారం పార్కులు చూస్తే చాలదు, సోమవారం పొద్దున తొమ్మిదికి ఆఫీసు దారిలో పోయి చూడండి. ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి ఆ కాగితం చదివి వినిపించండి.

పోయినవాళ్లు మళ్లీ రాకూడదని ఏమీ లేదు. ప్రీస్ట్లీ కూడా పోయిన చోటే ఉండిపోలేదు, 1780లో షెల్‌బర్న్ కొలువు వదిలి బర్మింగ్‌హామ్ చేరాడు. వలసల మీద లెక్కలు తీసిన రావెన్‌స్టీన్, ప్రతి వలస ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఒకటి ఉంటుందని 1885లోనే రాశాడు. కాబట్టి ఆ కాగితం పారెయ్యకండి. ఏడాది తర్వాత తీసి, బతికి చూసిన అనుభవంతో బరువులు మళ్లీ వెయ్యండి. ముల్లు ఇటు తిరిగితే మొహమాట పడకుండా ఇంటికి రండి. అటే ఉంటే ధైర్యంగా అక్కడే వేళ్లూనుకోండి.