ముంజబండి నుండి గనిబండి దాక

ఎండకాలము వచ్చినదనగా పిఠాపురము చుట్టుపట్ల పల్లెలలో పిల్లలకు బండ్ల ఋతువు వచ్చినదన్న మాట. తాటిచెట్ల క్రింద ముంజెలు జుర్రి పారవేసిన కాయలలో రెండింటిని ఏరి, నడుమ ఒక పుల్ల గ్రుచ్చి, పంగలకర్రతో ఆ పుల్లను నెట్టుచు పరుగెత్తుదురు. అంగడికి పోవలసిన పని లేదు. వడ్రంగితో పని లేదు. రెండు చక్రములు, ఒక ఇరుసు, ఒక తోపుడుకర్ర, అంతే. కాని ఆ బండిని మలుపు త్రిప్పునప్పుడు ఒక కాయ మొరాయించుట, పుల్ల విరుగుట ప్రతి పిల్లవానికి అనుభవమే. కాయలు రెండును పుల్లకు బిగిసియున్నచో ఒకే వేగముతో తిరుగవలెను. మలుపులో వెలుపలి కాయ ఎక్కువ దూరము పోవలసియుండును, లోపలి కాయ తక్కువ దూరము. ఈ రెండును పొసగవు. కాయ యైనను జారవలెను, పుల్ల యైనను విరుగవలెను. మోటారుబండ్లను నిర్మించినవారు విడదీయవలసి వచ్చిన చిక్కుముడులలో ఇది యొకటి.

ఈ కాలమున ఆ వయసు పిల్లల చేతికి మరియొక బండి వచ్చినది. చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలను, చిల్లుల కమ్ములను, పళ్ళచక్రములను కూర్చి, లోపల బ్యాటరీ మోటారు నిలిపి, గనులలో మన్ను మోయు డంపరు లారీకి నమూనా కట్టుట. కట్టిన పిమ్మట అది తనంత నడచును, మలుపు తిరుగును, తొట్టి పైకెత్తి సరుకు గుమ్మరించును. చూచువారికి ఇది ధనికుల ఇంటి వేడుకగా తోచవచ్చును. వెల చూచిన అట్లే యున్నది. కాని దాని కడుపులోని విద్య ముంజబండి విద్యయే.

అసలు బండి ఎట్టిదో ముందుగా తెలియవలెను. పిఠాపురమున గనులు లేవు. ఏలేరు నీటితో పండు వరిచేలు కలవు. కాని గోదావరి వెంట ఎగువకు పోయినచో, తెలంగాణమున ఆ నది లోయలోనే బొగ్గు పొరలు తగులును. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920లో ఏర్పడినది. చిరకాలము అక్కడి పని భూగర్భమున చీకటిలో, తట్టా చెమ్మసు అని గనులలో పేరుపడిన గంపతోను పారతోను సాగినది. 1975లో రామగుండము ప్రాంతమున తొలి ఓపెన్‌కాస్టు గని మొదలైనది. అనగా సొరంగము లేక, పైనుండియే నేలను మెట్లు మెట్లుగా త్రవ్వుకొని పోవుట. ఇందు బొగ్గు కంటె దానిని కప్పియున్న మన్ను, రాయి అనేక రెట్లు. ఆ మన్నును మోయుటకే డంపరు కావలసి వచ్చినది. గని పెరిగిన కొలది కొన్ని ఊళ్ళు లేచిపోయి, వాని చెంతనే మన్నుగుట్టలు వెలసినవి. నమూనా కట్టు బాలునికి ఈ మాటయు చెప్పకుండుట న్యాయము కాదు. తొట్టిలో వాడు పోయు పిడికెడు ఇసుక వెనుక ఒకరి పొలము, ఒకరి ఇల్లు ఉన్నవి.

ప్రపంచమున ఈ బండ్లు పెరిగిన తీరు ఆశ్చర్యకరము. అమెరికాలోని కేటర్‌పిల్లర్ వారి 797ఎఫ్ ఒక్కసారికి 363 టన్నులు మోయును. బెలారుస్ దేశమున 2013లో వెలువడిన బెలాజ్ 75710 మోయునది 450 టన్నులు. ఇట్టి బండ్ల టైరు రెండు నిలువుల మనిషి కంటె ఎత్తు. మన దేశమున మైసూరు కర్మాగారమున బీఈఎంఎల్ వారు డంపర్లు చేయుచున్నారు. నడక విషయమున ఇవి రెండు తెగలు. ఒక తెగలో ఇంజను బలము పళ్ళచక్రముల గుండ వెనుక చక్రములకు పోవును. అక్కడ మలుపులో రెండు చక్రములును వేరువేరు వేగములతో తిరుగుటకు వీలిచ్చు పళ్ళచక్రముల కూర్పు ఒకటి ఉండును. దానినే డిఫరెన్షియల్ అందురు. రెండవ తెగలో డీజిలు ఇంజను కరెంటును మాత్రమే పుట్టించును. ఆ కరెంటుతో చక్రములలోని మోటార్లు వేటికవి తిరుగును. అప్పుడు ఆ కూర్పుతో పనియే లేదు. ముంజబండి పుల్ల విరిగిన బాలునికి ఈ రెండు ఉపాయములును వెంటనే బోధపడును. ఎన్నడును పుల్ల విరుగనివానికి బొమ్మ గీచి చూపినను బోధపడుట కష్టము.

ఆట ఇటుకల పుట్టుక ఒక వడ్రంగి ఇంట జరిగినది. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న ఊర, ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి పనులు దొరకని కరవు రోజులలో, 1932లో, కొయ్యబొమ్మలు చేయ మొదలిడెను. ‘బాగుగా ఆడుకొమ్ము’ అను అర్థమిచ్చు రెండు డేనిష్ మాటలను కుదించి 1934లో లెగో అని పేరిడిరి. పైన గుబ్బలు, లోపల గొట్టములు గల నేటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరిరి. 1960లో కొయ్యబొమ్మల కొట్టు కాలిపోవుటతో కొయ్యపనికి స్వస్తి చెప్పిరి. 1958 నాటి ఇటుక నేటి ఇటుకపై నేటికిని బిగియును. ఇరుసులు, పళ్ళచక్రములు గల టెక్నిక్ తెగ 1977లో వచ్చినది. అంతకు ఎంతో ముందే, 1901లో, ఇంగ్లండున ఫ్రాంక్ హార్న్‌బీ చిల్లుల లోహపు పట్టీలను మరమేకులతో బిగించు ఆటకు పేటెంటు పొందియుండెను. అదియే మెకానో.

కొయ్యబొమ్మలన్నచో తెలుగువారికి కొండపల్లి పొణికి కొయ్య, ఏటికొప్పాక అంకుడు కొయ్య తలపునకు వచ్చును. అందమున ఏటికొప్పాక లక్కబొమ్మకు ఈ ప్లాస్టిక్ ముక్కలు సరిరావు. అయితే లక్కబొమ్మ నిపుణుని చేతిలో పూర్తియై వచ్చును. పిల్లవాడు దానిని విప్పి మరల కట్టజాలడు. ఇటుకల బొమ్మ అసంపూర్తిగా వచ్చును. దాని గుణమంతయు అక్కడనే ఉన్నది.

పిఠాపురములో ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఇట్టి డంపరును కట్ట పూనినాడనుకొనవచ్చును. వాడు మొదట పచ్చని తొట్టిని, డ్రైవరు గదిని, నిచ్చెనను కట్టును. మోటారును చివర తలచుకొనును. పలువురు చేయు పొరపాటిదియే. కంటికి కనబడునది ముందు, పని చేయునది వెనుక! మోటారును తిన్నగా చక్రముల ఇరుసుకు తగిలించును. బండి నేలపై రివ్వున పోవును. తొట్టిలో ఇసుక పోసినంతనే నిలిచిపోవును.

“మేష్టారూ, ఖాళీగా ఉంటే పరుగెడుతోందండీ. ఇసుక పోస్తే కదలటం లేదండీ.”

“మోటారు మార్చకురా. పళ్ళు లెక్కపెట్టు.”

ఆ లెక్క ఇది. మోటారు ఇరుసుపై ఎనిమిది పళ్ళ చక్రము, దానికి తగులునట్లు ఇరువదినాలుగు పళ్ళ చక్రము పెట్టినచో, మోటారు మూడు చుట్లు తిరిగిన రెండవ ఇరుసు ఒక చుట్టు తిరుగును. ఆ ఇరుసుపై మరల ఎనిమిది పళ్ళ చక్రము, దానికెదురుగా నలుబది పళ్ళది పెట్టినచో అక్కడ ఐదింతలు. మొత్తము పదునైదింతలు. వేగము పదునైదవ వంతునకు దిగును. త్రిప్పుబలము, రాపిడి తినివేసినంత పోగా, పదునైదింతలకు దగ్గరగా పెరుగును. వేగమును అమ్ముకొని బలమును కొనితెచ్చుకొనుట. ఊరక వచ్చినది ఏమియు లేదు.

అంతటితో కథ ముగియదు. బలము పెరుగగానే ఇరుసు మెలి తిరుగును. పళ్ళచక్రములు ఒకదానినొకటి నెట్టుకొని కటకటలాడి జారును. కారణము చట్రము విచ్చుకొనుట. ఇటుకలను నిలువుకమ్మితో బిగింపబోయినచో చిల్లులు కలియవు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, కమ్మిలో చిల్లునకు చిల్లునకు దూరము 8 మిల్లీమీటర్లు. చిల్లుల ఇటుకపై చిల్లుల ఇటుక పేర్చిన 9.6, ఇంకొకటి పేర్చిన 19.2, ఎనిమిదవ ఎక్కములో ఈ అంకెలు లేవు. రెండు ఇటుకల నడుమ 3.2 మిల్లీమీటర్ల పలుచని పలకలు రెండు పెట్టినచో 9.6కు 6.4 చేరి 16 అగును. రెండు ఎనిమిదులు! చిల్లులు కలియును, చీల దిగును, చట్రము రాయివలె నిలుచును. దశాంశములు ఎందుకని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు నల్లబల్లపై దొరకదు.

తొట్టినెత్తుట వేరొక పాఠము. తొట్టి వెనుక అంచున కీలు ఉండును. ఎత్తుట మొదలిడునప్పుడు భారము మొత్తము ఎత్తుడుకర్రపై పడును. సరుకు జారిన కొలది తేలికయగును. కావున ఎక్కువ బలము కావలసినది మొదటి అంగుళముననే. ఇటుకల బొమ్మలో దీనికి మరచుట్టు కడ్డీని వాడుదురు. మర ఒక చుట్టు తిరిగిన పళ్ళచక్రము ఒక్క పన్ను మాత్రమే జరుగును. ఇరువదినాలుగు పళ్ళదైనచో ఇరువదినాలుగింతలు. పైగా మోటారు ఆగినను తొట్టి క్రిందికి జారదు. మర దానిని పట్టి నిలుపును.

ఇక కొలతల మాట. 797ఎఫ్ బండి పొడవు ఇంచుమించు 15 మీటర్లు. దానిని నలుబదవ వంతునకు తగ్గించినచో ముప్పదియేడున్నర సెంటీమీటర్ల బొమ్మ యగును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును నలుబదవ వంతగుటచే ఘనపరిమాణము 64,000 వంతులలో ఒకటి. 363 టన్నులను 64,000తో భాగించిన ఐదు కిలోల ఆరువందల డెబ్బది గ్రాములు వచ్చును. నిజమైన బండికి న్యాయముగా పోటీ నిలువవలెనన్నచో ఈ బొమ్మ అంత బరువు మోయవలెను. ప్లాస్టిక్ ఇరుసుల బండి ఆ మాట వినగానే కూలబడును. పరిమాణము మారినప్పుడు బరువు ఒక తీరున, బలము మరియొక తీరున మారునని గెలీలియో 1638 నాటి గ్రంథమున చర్చించెను. బాలునికి ఆ పేరు తెలియకపోయినను విషయము అరకిలో ఇసుకతోనే తెలియును.

తెలుగు ఉపాధ్యాయునికి ఇందు పట్టింపు లేదనుకొనరాదు. ఈ బొమ్మల పెట్టెలో వచ్చు పుస్తకమున కట్టు విధమంతయు పటములే; మాటలతో వివరణ ఉండదు. అన్ని దేశములవారికి ఒకే పుస్తకము సరిపోవుటకు చేసిన ఏర్పాటిది, తెలివైనదే. కాని పిల్లవాడు వేయి ముక్కలు కూర్చియు ఒక్కదాని పేరు తెలియకయే లేచును. పెట్టెలో ఉన్నవన్నియు తెలుగునకు పాతచుట్టములు: ఇరుసు, చీల, కీలు, మర. ఎడ్లబండి చక్రమునకు కుండ, ఆకులు, పూటీలు అని అంగాంగమునకు పేర్లు కలవు. సూర్యారావు బహద్దరు వారి పోషణచే వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వెలువడినది. పిఠాపురము పేరు తెలుగు పలుకుబడిలో నిలిచినది దానివలన. వ్యవసాయదారుల నోటి మాటలను ఊరూర తిరిగి సేకరించి, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వారు 1962లో మాండలిక వృత్తిపదకోశమును ప్రకటించిరి. ఎడ్లబండ్లు అరుదైపోవుచున్నవి. బండితో పాటు కడచీల అను మాటయు పోవుచున్నది. పోవు మాటకు కోశమున చోటు దొరకుట మేలే. పిల్లవాని వ్రేళ్ళ నడుమ చోటు దొరకుట అంతకంటె మేలు. ‘పిన్ను ఊడిందండీ’ అను బాలునిచేత ‘చీల ఊడిందండీ’ అనిపించుటకు బండి ఒకటి ఎదురుగా ఉండవలెను గదా.

వెల సంగతి దాచి లాభము లేదు. 2020లో వచ్చిన వోల్వో గనిలారీ పెట్టెలో 2,193 ముక్కలు. అంతకు ముందటి యేట వచ్చిన లీబెర్ త్రవ్వుడు యంత్రపు పెట్టెలో 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. ఇవి సామాన్య కుటుంబము కొనదగినవి కావు. 2016 తరువాత దేశమున వేలాది పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు ఏర్పడినవి. అవి ఉన్నచోట మోటార్లు, పనిముట్లు దొరకును. లేనిచోట దారి వేరు. చెడిపోయిన ఆటబొమ్మలోని మోటారు, రబ్బరు పట్టీ, దారపు రీళ్ళు, అట్టపెట్టె, తెగిన చెప్పుల నుండి కోసిన చక్రములు. రబ్బరు పట్టీ భారము మించినప్పుడు జారును. జారి మోటారును కాపాడును. ఖరీదైన పెట్టెలలో ఈ పనికే ప్రత్యేకమైన పళ్ళచక్రమొకటి చేసి పెట్టినారు!

తొట్టినెత్తుటకు సూదిమందు పిచికారీలు రెండు చాలును. ఎవరును వాడని క్రొత్తవి కావలెను, సూది ఉండరాదు. రెండింటిని సన్నని గొట్టముతో కలిపి నీరు నింపి, చిన్నదానిని నొక్కినచో పెద్దది లేచును. పెద్దదాని అడ్డుకొలత చిన్నదానికి రెట్టింపైనచో బలము నాలుగింతలు. లేచు ఎత్తు నాలుగవ వంతు. ఇది పాస్కల్ సూత్రము. ఇక్కడ ఒక విశేషమున్నది. రామగుండమున గాని, మరెక్కడ గాని నిజమైన డంపరు తొట్టిని ఎత్తునది మరచుట్టు కాదు. నూనె ఒత్తిడితో సాగు గొట్టములు. వేలు పోసి కొన్న పెట్టెలోని మరకంటె ఈ పిచికారీలే అసలు బండికి దగ్గరి చుట్టములు.

అట్టి బండిని పరీక్షించునాడు తొట్టి నిండ ఇసుక పోయుదురు. పిచికారీ నొక్కగా తొట్టి లేచును. ఇసుక వెనుకకు జారును. బరువంతయు వెనుక అంచునకు చేరగానే ముందు చక్రములు రెండును నేలను విడిచి గాలిలో ఆడును. తరగతి అంతయు నవ్వును. బండి కట్టినవాడు మాత్రము నవ్వడు. బ్యాటరీ పెట్టెను ఊడదీసి, డ్రైవరు గది క్రిందికి, వీలైనంత ముందునకు జరిపి, మరల ఇసుక పోయుమనును.