వార్తల్లో పదం: ఆర్‌పీఎల్

రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్. కోర్సు చదవకుండా, పని చేస్తూనే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఇది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఒక భాగం.

విశాఖపట్నంలోని గాజువాకలోనో ద్వారకానగర్‌లోనో బ్యూటీ పార్లర్‌లో పనిచేసే మహిళకు ఇది ఎందుకు? మన దేశంలో బ్యూటీషియన్‌కు వ్యక్తిగత లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం లేదు. విశాఖలో పార్లర్ తెరవాలంటే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు, 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ట్రేడ్ లైసెన్సును గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవాలి. ఆ కాగితాలన్నీ షాపు యజమానివి. అక్కడ జీతానికి పనిచేసే అమ్మాయి చేతిలో మాత్రం ఏమీ ఉండదు.

ఆ లోటు తీరడానికి ఒక దారి ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్. కానీ ఏళ్ల తరబడి ఫేషియళ్లు, హెయిర్ కటింగ్‌లు చేస్తున్న మనిషిని మళ్లీ ఏడాదిపాటు తరగతిలో కూర్చోమనడం అన్యాయం. ఆర్‌పీఎల్‌లో కొద్దిపాటి శిక్షణ, తర్వాత అసెస్‌మెంట్ ఉంటాయి. పరికరాల శుభ్రత, రంగు వేసేముందు ప్యాచ్ టెస్టు వంటివి ఇక్కడ అలవడితే కస్టమర్ చర్మానికీ రక్షణే.

ఈ సర్టిఫికెట్‌తో విదేశాల్లో పనిచేయవచ్చా అంటే, అమెరికాలో బ్యూటీషియన్లకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలే. మన సర్టిఫికెట్ దానికి బదులు కాదు. టెక్సస్‌లో కనుబొమల థ్రెడింగ్‌కూ 750 గంటల శిక్షణ ఉండాలన్న నిబంధనను 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. సరైన తీర్పు.

ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు దానికి జాతీయ వృత్తివిద్య, శిక్షణ మండలి (ఎన్‌సీవీఈటీ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.