మీకు తెలుసా? సహకార సాగును కాదన్న రైతు నేత
వానలు పడితే వజ్రకరూరు చేలల్లో రైతులు గొర్రు కట్టి వేరుశనగ విత్తుతారు. అనంతపురం పల్లెలు ఎరిగిన ‘కదిరి లేపాక్షి’ వేరుశనగ రకం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిదే.

ఎవరీ రంగా?

1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1930లోనే కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. 1959 నాగపూర్ మహాసభలో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సాగుకు తీర్మానించడంతో ఎదురుతిరిగి, ఆ పార్టీ నుంచి బయటికి వచ్చారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, తొలి అధ్యక్షుడయ్యారు. లైసెన్సులు, పర్మిట్ల పెత్తనం తగ్గాలన్నది ఆ పార్టీ వాదం.

1962లో చిత్తూరు ఉపఎన్నికలో, 1967లో శ్రీకాకుళంలో రంగా గెలిచారు. 1967లో 44 స్థానాలతో స్వతంత్ర పార్టీయే లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం.

తర్వాత ఆయన మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరి, 1980 నుంచి వరుసగా మూడుసార్లు గుంటూరు ఎంపీ అయ్యారు.